ఓడెక్కిన ఆట: ఒవియేదో ఫుట్‌బాల్ వలసల చరిత్ర

స్పెయిన్ ఉత్తర తీరంలో, కాంటాబ్రియన్ కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుకుగా ఒదిగిన అస్తూరియాస్ ప్రాంతం బొగ్గు గనులకు ఎంత పేరుపడిందో వలసలకూ అంతే పేరుపడింది. 19వ శతాబ్దపు నడిమి కాలం నుంచి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా అక్కడి పల్లెల నుంచి వేలాది కుర్రవాళ్లు క్యూబా, మెక్సికో, అర్జెంటీనా దేశాలకు ఓడలెక్కారు. వారిలో నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగివచ్చినవారిని ఊరివాళ్లు 'ఇండియానోలు' అని పిలిచారు. ఆ మాటకు మన దేశంతో చుట్టరికమేమీ లేదు, అమెరికా ఖండాలను స్పెయిన్ పాలకులు ఇండీస్ అని వ్యవహరించిన పాత అలవాటు నుంచే అది పుట్టింది. ఇండియానో కట్టించుకున్న మేడ ముందు, ఆ చలి ప్రదేశంలో తనంతట తాను పెరగని ఒక తాళజాతి చెట్టు తరచుగా కనిపించేది; సముద్రం దాటి గెలిచి వచ్చాడని ఇరుగుపొరుగుకు చాటే గుర్తు అదే. గెలవనివాళ్లలో చాలామంది తిరిగి రాలేదు కనుక వాళ్ల గుర్తుగా ఏ చెట్టూ మిగలలేదు.

ఆ ప్రాంతానికి రాజధాని ఒవియేదో నగరం. పరదేశాల్లో ఆడిన స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల చరిత్రను పెద్ద పేర్లూ పెద్ద బేరాలూ వరుసగా పేర్చి చెప్పడం రివాజు కాగా, ఒవియేదో వైపు నిలబడి చూసినప్పుడు ఆ చరిత్ర ఈ పాత వలసకు కొనసాగింపుగా కనిపిస్తుంది. ఆటగాడి కాలిలో ఎంత పనితనం ఉందన్నదానికన్నా, ఇంటి దగ్గర యుద్ధమో అప్పో చట్టమో ఎప్పుడు తలుపు తెరిచింది, ఎప్పుడు మూసింది అన్నదే అతని ఎత్తుపల్లాలను ఎక్కువగా నిర్ణయించిందన్న సంగతి అక్కడి నుంచి స్పష్టంగా తెలుస్తుంది.

నగరంలోని రెండు క్లబ్బులు 1926లో కలిసిపోయి రియల్ ఒవియేదో ఏర్పడింది. 1932లో బ్యూనవిస్తా అనే కొత్త మైదానం సిద్ధమైంది, మరుసటి ఏడాదే జట్టు తొలి డివిజన్‌కు చేరింది. ఆ జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ప్రత్యర్థి గోల్‌కు ఎదురుగా నిలిచి గోల్స్ కొట్టడమే ప్రధాన బాధ్యతగా గల ఆటగాడిగా ఉన్న ఇసీద్రో లాంగారా నిజానికి అస్తూరియాస్ వాడు కాడు. 1912లో బాస్క్ ప్రాంతపు రేవు పట్టణమైన పసాయియాలో పుట్టి 1930లో ఒవియేదోకు వచ్చినవాడు. 1934 నుంచి 1936 వరకు వరుసగా మూడు సీజన్లలో స్పెయిన్ లీగ్‌లో అత్యధిక గోల్స్ అతనివే, మూడింటిలోనూ పాతికకు తగ్గలేదు. తొలి సీజన్‌లో ఒక్కో జట్టు ఆడింది 18 మ్యాచులు మాత్రమే అని గుర్తుంచుకుంటే ఆ లెక్క బరువు అర్థమవుతుంది. స్పెయిన్ జాతీయ జట్టుకు 12 మ్యాచులాడి 17 గోల్స్ కొట్టాడు. 1936 జులైలో అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి అతనికి 24 ఏళ్లు.

యుద్ధం లీగ్‌ను మూడేళ్లపాటు ఆపేసింది. సైనిక తిరుగుబాటుదార్ల చేతిలో ఉన్న ఒవియేదో నగరాన్ని రిపబ్లిక్ పక్షపు గని కార్మికులు, సైనికులు ముట్టడించగా బ్యూనవిస్తా మైదానం ఆటకు పనికిరానంతగా పాడైపోయింది. యుద్ధం ముగిశాక కూడా ఒవియేదోకు 1939-40 సీజన్‌లో ఆడకుండా ఉండేందుకు మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఆ ఖాళీ కోసం జరిగిన పోటీలో గెలిచి లోపలికి వచ్చిన జట్టు, నేడు అట్లెటికో మాడ్రిడ్‌గా ప్రసిద్ధమైనది, ఆ ఏడాదే విజేతగా నిలవడం ఒవియేదో అభిమానులకు మింగుడుపడని సంగతి.

లాంగారా అప్పటికే దేశంలో లేడు. బాస్క్ స్వయంపాలక ప్రభుత్వాధినేత హోసే అంతోనియో అగీర్రే స్వయంగా ఒకప్పుడు అథ్లెటిక్ బిల్బావో జట్టు ఆటగాడు కావడంతో, యుద్ధబాధితుల కోసం నిధులు కూడబెట్టడానికీ తమ పక్షాన్ని లోకానికి వినిపించడానికీ 'యూస్కాది' పేరిట లాంగారా కూడా ఉన్న ఒక ఫుట్‌బాల్ జట్టును కూర్చి ఐరోపా యాత్రకు పంపాడు. ఆ జట్టు పారిస్‌లో తొలి మ్యాచ్ ఆడిన రోజు 1937 ఏప్రిల్ 26, అంటే గెర్నికా పట్టణంపై జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించిన రోజే. చెకోస్లోవేకియా, పోలండ్, సోవియట్ యూనియన్ మీదుగా యాత్ర సాగుతుండగానే జూన్‌లో బిల్బావో పడిపోయింది. ఆటగాళ్లు ఏ ప్రభుత్వం తరఫున ఆడుతున్నారో ఆ ప్రభుత్వానికి సొంత నేల లేకుండా పోయింది. జట్టు అట్లాంటిక్ దాటి మెక్సికో చేరి, 1938-39లో అక్కడి లీగ్‌లోనే ఒక క్లబ్‌గా ఆడి రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం దక్కించుకున్న క్లబ్ పేరు అస్తూరియాస్, మునుపటి తరం అస్తూరియాస్ వలసదారులు మెక్సికో నగరంలో స్థాపించుకున్నది. ఒవియేదోకు గోల్స్ కొట్టిన మనిషి పరాయి దేశంలో అస్తూరియాస్ పేరుగల జట్టు చేతిలోనే లీగ్ పోగొట్టుకున్నాడన్నమాట.

జట్టు చెదిరిపోయాక లాంగారాను బ్యూనస్ ఎయిరెస్‌లోని సాన్ లొరెన్సో క్లబ్ పిలిపించుకుంది. 1939 మే 21న, సముద్ర ప్రయాణపు బడలిక తీరకముందే, రివర్ ప్లేట్ వంటి బలమైన జట్టుపై మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. సాన్ లొరెన్సో 4-2తో గెలిచింది. మరుసటి ఏడాది 33 గోల్స్‌తో అర్జెంటీనా లీగ్‌లో అగ్రస్థానాన్ని మరొకరితో పంచుకున్నాడు. 1943లో మెక్సికోకు తిరిగివెళ్లి, స్పెయిన్ వలసదారుల క్లబ్ అయిన రియల్ క్లబ్ ఎస్పాన్యా తరఫున అక్కడా అత్యధిక గోల్స్ సాధించాడు. మూడు దేశాల లీగ్‌లలో ఈ ఘనత సాధించినవాడని పుస్తకాలు అతన్ని కీర్తిస్తాయి, అది న్యాయమే. అయితే 24వ ఏట ఆగిన అతని జాతీయ జట్టు లెక్క 12 మ్యాచుల దగ్గరే ఎప్పటికీ నిలిచిపోయింది; 1938 ప్రపంచ కప్‌లో స్పెయిన్ పాల్గొననే లేదు. 1946లో, 34వ ఏట, ఒవియేదోకు తిరిగివచ్చి రెండు సీజన్లాడి ఆట చాలించాడు. గోల్స్ లెక్క చూస్తే అతనిది ఇండియానో మేడంత విజయం, కానీ మధ్యలో పోయిన పదేళ్లను ఏ లెక్కా తిరిగి ఇవ్వలేదు.

అతనితోపాటు సాన్ లొరెన్సోలో చేరిన బాస్క్ ఆటగాళ్లలో ఆంహెల్ సుబియేతా కథ వేరు. 1936లో 17 ఏళ్ల వయసులో స్పెయిన్‌కు ఆడిన సుబియేతా పదమూడేళ్లు అర్జెంటీనాలోనే ఉండిపోయాడు. 1946 చివర్లో సాన్ లొరెన్సో విజేత జట్టుగా స్పెయిన్ యాత్రకు వచ్చి, బార్సిలోనాలో స్పెయిన్ ఎంపిక జట్టును 7-5తో ఓడించినప్పుడు అతను పరాయి చొక్కా తొడుక్కుని అతిథిగా సొంత దేశంలో అడుగుపెట్టాడు.

యుద్ధం పంపిన మరో ఓడ కథ ఇంకా విచిత్రమైనది. 1937 మేలో 'అబానా' అనే ఓడ బిల్బావో దగ్గరి సాంతుర్త్సి రేవు నుంచి దాదాపు 4,000 మంది పిల్లలతో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు చేరింది. వాళ్ల పోషణకు ఖజానా నుంచి ఒక్క పెన్నీ ఖర్చుపెట్టేది లేదని బ్రిటిష్ ప్రభుత్వం ముందే తేల్చిచెప్పడంతో, విరాళాల మీద నడిచిన గుడారాల శిబిరంలోనే వాళ్లకు తొలి ఆశ్రయం దొరికింది. ఆ పిల్లల్లో సబీనో బరినాగా, రైముందో పెరెస్ లెసామా సౌతాంప్టన్ క్లబ్‌లో ఆట నేర్చుకున్నారు. ఎమీలియో అల్దెకోవా యుద్ధకాలంలో వుల్వర్‌హాంప్టన్‌కూ, తర్వాత కోవెంట్రీకీ ఆడి, ఇంగ్లిష్ లీగ్‌లో ఆడిన మొదటి స్పెయిన్ దేశస్థుడిగా నమోదయ్యాడు. తిరిగివెళ్లాక లెసామా అథ్లెటిక్ బిల్బావో గోల్‌కీపర్ అయ్యాడు. 1947 డిసెంబర్‌లో రియల్ మాడ్రిడ్ కొత్త మైదానం, అంటే నేటి బెర్నబ్యూ, ప్రారంభమైనప్పుడు అక్కడ తొలి గోల్ కొట్టినవాడు బరినాగా. శరణార్థిగా పరదేశంలో నేర్చిన పనిని ఇంటికి తెచ్చుకున్న ఈ ముగ్గురూ వలస చరిత్రలో తిరగేసిన పేజీ వంటివారు.

ఆ తర్వాతి కాలంలో ఆటగాణ్ని పరదేశానికి పంపింది క్లబ్బు అప్పు. గలీసియాలోని లా కొరూన్యాలో 1935లో పుట్టిన లూయిస్ సువారెస్ (నేటి పాఠకులకు తెలిసిన ఉరుగ్వే ఆటగాడు వేరు) 1960లో ఐరోపా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పురస్కారం పొందాడు. అప్పుడతను బార్సిలోనాలో ఉన్నాడు. 1957లో తెరిచిన కాంప్ నౌ మైదానం నిర్మాణ వ్యయం ఆ క్లబ్‌ను అప్పుల్లో ముంచింది. 1961 మే 31న బెర్న్‌లో జరిగిన ఐరోపా కప్ ఫైనల్‌లో బెన్‌ఫికా చేతిలో 3-2తో ఓడిపోవడంతో అదనపు రాబడి మీద ఆశ కూడా పోయింది. ఆ వేసవిలోనే సువారెస్‌ను మిలాన్ నగరపు ఇంటర్ క్లబ్‌కు రెండున్నర కోట్ల పెసెటాలకు అమ్మారు, అప్పటికి ప్రపంచంలో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. కొన్నవాడు మునుపు బార్సిలోనాలో అతనికి శిక్షణ ఇచ్చిన ఎలేనియో ఎరేరానే.

అమ్మడం అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. నాటి స్పెయిన్‌లో క్లబ్బులకు నిలుపుదల హక్కు ఉండేది: కాంట్రాక్టు గడువు తీరినా ఆటగాడు తన ఇష్టం మీద వేరే క్లబ్‌కు పోలేడు, జీతం కొద్దిగా పెంచి క్లబ్ అతన్ని అట్టేపెట్టుకోవచ్చు, కాదనుకుంటే బేరం కుదిరినచోటికి బదలాయించవచ్చు. ఏడాది తిరిగినా కామందు వదలని పాలేరు పరిస్థితికి దీనికీ తేడా జీతంలోనే తప్ప స్వేచ్ఛలో లేదు. సువారెస్ మాత్రం ఈ బేరం వల్ల బాగుపడ్డాడు. ఇటలీలో కాస్త వెనక్కి జరిగి, మైదానం నడిమి నుంచి పొడవాటి పాస్‌లతో ఆట నడిపించే స్థానానికి మారి, ఇంటర్‌తో మూడు లీగ్ విజయాలు, 1964, 1965లలో రెండు ఐరోపా కప్పులు గెలిచాడు. 1964 మేలో వియన్నాలో రియల్ మాడ్రిడ్‌ను ఓడించిన నెల లోపలే, జూన్ 21న, మాడ్రిడ్‌లోనే స్పెయిన్ చొక్కాతో సోవియట్ జట్టును ఓడించి ఐరోపా ఛాంపియన్ అయ్యాడు. అతని వెనకే ఇటలీ చేరిన దెల్ సోల్, పెయిరో కూడా కుదురుకున్నారు. 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా చేతిలో ఓడి పరువు పోగొట్టుకున్న ఇటలీ, విదేశీ ఆటగాళ్ల వల్లే సొంత కుర్రాళ్లు ఎదగడం లేదని భావించి కొత్తగా విదేశీయులను తీసుకోవడం నిషేధించింది. 1980 దాకా ఆ తలుపు మూసే ఉంది. సువారెస్ తర్వాతి తరం దారి అలా మూతపడింది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇంటి దగ్గరి చట్టం మారింది ఆటగాళ్ల పోరాటంతోనే. 1978లో సంఘం పెట్టుకుని, 1979 మార్చిలో సమ్మె చేసి, నిలుపుదల హక్కును వదిలించుకున్నారు. 1985 నాటి రాజశాసనం వృత్తి ఆటగాణ్ని ఉద్యోగిగా గుర్తించి, నిర్ణీత పరిహారం చెల్లిస్తే కాంట్రాక్టు మధ్యలోనూ వెళ్లిపోయే వీలు కల్పించింది. నేడు పత్రికల్లో వినిపించే విడుదల షరతుకు మూలం అదే. స్వేచ్ఛ వచ్చినా వలస వెంటనే పెరగలేదు, ఎందుకంటే స్వదేశంలోనే మంచి జీతాలు దొరికాయి. 1986, 1990 ప్రపంచ కప్ జట్లలో అందరూ స్పెయిన్ క్లబ్బులవాళ్లే. 1995లో రోబెర్తో మార్తీనెస్, ఇసీద్రో దియాస్, హెసూస్ సెబా అనే ముగ్గురు కుర్రాళ్లు ఇంగ్లండ్ నాలుగో స్థాయి లీగ్‌లోని విగన్ క్లబ్‌కు వెళ్లడం అప్పట్లో ఒక వింత. అభిమానులు వాళ్లకు పెట్టిన 'త్రీ అమీగోస్' అనే పేరు మెక్సికో నేపథ్యంగల ఒక హాలీవుడ్ హాస్య చిత్రానిది. స్పెయిన్‌కూ మెక్సికోకూ తేడా తెలియని ఊళ్లో నిలదొక్కుకున్న మార్తీనెస్, 2013లో అదే విగన్‌కు శిక్షకుడిగా ఎఫ్ఏ కప్ గెలిపించి, మూడు రోజులకే జట్టు కింది డివిజన్‌కు పడిపోవడమూ చూశాడు. 1995 డిసెంబర్ నాటి బోస్‌మన్ తీర్పు ఐరోపా సమాజపు ఆటగాళ్లకు కాంట్రాక్టు ముగిశాక బదిలీ రుసుం లేకుండా కదిలే హక్కు ఇచ్చాక దారులు విశాలమయ్యాయి. విశాలమైన దారిలోనూ గోతులున్నాయి: వాలెన్సియాను రెండుసార్లు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు నడిపించిన మెండియెటాను 2001లో లాజియో భారీ ధరకు కొంటే, ఆ రోమ్ క్లబ్‌లో ఒక్క సీజన్ కూడా రాణించలేక అద్దె ఆటగాడిగా చేతులు మారాడు.

ఇక్కడ కథ మళ్లీ ఒవియేదోకు చేరుతుంది. 2001లో తొలి డివిజన్ నుంచి పడిపోయిన క్లబ్, 2003లో మరో మెట్టు దిగి, ఆటగాళ్ల జీతబకాయిలు తీర్చలేక పాలనాపరమైన శిక్షగా ఏకంగా నాలుగో స్థాయికి చేరింది. దాని పిల్లల జట్లలో పెరిగిన సాంతి కజోర్లా విల్యారియాల్‌కూ, హువాన్ మాటా రియల్ మాడ్రిడ్ యువజట్టుకూ వెళ్లిపోయారు. మిచు అనే మిగేల్ పెరెస్ మాత్రం నాలుగో స్థాయిలోనే క్లబ్‌తో నిలిచి, తర్వాత సెల్తాకూ రాయో వయ్యెకానోకూ ఆడి, 2012లో వేల్స్‌లోని స్వాన్సీకి సుమారు 20 లక్షల పౌండ్లకు వెళ్లాడు. ఆ ధరకు ఆ స్థాయి లీగ్‌లో మంచి ప్రత్యామ్నాయ ఆటగాడు కూడా దొరకడు. మొదటి లీగ్ మ్యాచ్‌లోనే రెండు గోల్స్, సీజన్ ముగిసేసరికి లీగ్‌లో 18 గోల్స్, 2013 ఫిబ్రవరిలో లీగ్ కప్, అక్టోబర్‌లో స్పెయిన్ జాతీయ జట్టులో ఒకే ఒక్క మ్యాచ్. ఆ తర్వాత చీలమండ నొప్పి. నాపోలికి అద్దెకు వెళ్లి దాదాపు ఆడకుండానే తిరిగివచ్చాడు. 2015లో స్వాన్సీతో తెగతెంపులు చేసుకుని, బొగ్గు లోయలోని లాంగ్రెయో అనే చిన్న జట్టులో, సొంత అన్న శిక్షకుడిగా ఉండగా, నాలుగో స్థాయిలో ఆడాడు. చివరి సీజన్ ఒవియేదోలో ఆడి 2017లో 31 ఏళ్లకే ఆట మానేశాడు. శిఖరం మీద అతను గడిపింది దాదాపు ఒక్క ఏడాది.

ఆ ఏడాదిలోనే జరిగిన ఒక పని మాత్రం అతని గోల్స్ కన్నా ఎక్కువకాలం నిలిచింది. 2012 నవంబర్‌లో ఒవియేదో మూతపడే స్థితికి వచ్చి 10.75 యూరోల చొప్పున వాటాలు అమ్మకానికి పెట్టినప్పుడు, పరదేశంలో ఉన్న మిచు, కజోర్లా, మాటా వాటిని కొన్నారు, మరెన్నో దేశాల అభిమానులు కొన్నారు, చివరికి మెక్సికో కోటీశ్వరుడు కార్లోస్ స్లిమ్ సంస్థ 20 లక్షల యూరోలు పెట్టి క్లబ్‌ను గట్టెక్కించింది. లాంగారాకు రెండుసార్లు ఆశ్రయమిచ్చిన మెక్సికో నుంచే ఆ సొమ్ము రావడం యాదృచ్ఛికమే కావచ్చు, అయినా అస్తూరియాస్‌లో పుట్టిపెరిగినవాళ్లకు అది తెలిసిన దారే.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత స్పెయిన్ క్లబ్బులు జీతాలు చెల్లించలేక, 2011 ఆగస్టులో ఆటగాళ్ల సమ్మెతో లీగ్ తొలి వారపు మ్యాచులు ఆగిపోయాక, పెద్ద పేరు లేని ఆటగాళ్ల వలస పోలండ్, గ్రీసు, సైప్రస్‌ల మీదుగా భారతదేశం దాకా వచ్చింది. 2006లో చివరి క్షణపు గోల్‌తో ఎస్పాన్యోల్‌ను కింది డివిజన్ ప్రమాదం నుంచి కాపాడిన కోరో, 2017 నుంచి గోవా జట్టుకు ఆడి ఇండియన్ సూపర్ లీగ్‌లో 48 గోల్స్ కొట్టాడు. బార్సిలోనావాడైన మనోలో మార్కెస్ శిక్షణలో, హువానన్, సివేరియో వంటి స్పెయిన్ ఆటగాళ్లతో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఆ లీగ్ గెలిచింది. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరగడంతో గచ్చిబౌలి మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తర్వాత డబ్బు చిక్కుల్లో పడిన ఆ క్లబ్ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఇలాంటి సంగతులు ఒవియేదోవాళ్లకు కొత్త కావు.

కజోర్లా విషయానికి వస్తే, డబ్బు చిక్కుల్లో పడిన మాలగా నుంచి 2012లో ఆర్సెనల్ చేరి, రెండు ఎఫ్ఏ కప్పులు గెలిచి, 2016 అక్టోబర్ తర్వాత ఆ క్లబ్‌కు మళ్లీ ఆడలేకపోయాడు. మడమ వెనకి పెద్ద స్నాయువుకు శస్త్రచికిత్స చేస్తే గాయం మానక, సూక్ష్మజీవులు చేరి దాదాపు 8 సెంటీమీటర్ల స్నాయువును తినేశాయి; కొడుకుతో పెరట్లో నడవగలిగితే చాలనుకోమని వైద్యులు చెప్పారు. బాస్క్ నగరం విటోరియాలో ముంజేతి చర్మం తీసి మడమకు అతికినప్పుడు, ఆ చర్మం మీద ఉన్న కూతురి పేరు పచ్చబొట్టు కూడా సగం తెగి కాలికి చేరింది. 2018లో విల్యారియాల్‌లో మళ్లీ మైదానంలోకి దిగి, 2019లో జాతీయ జట్టుకూ ఎంపికై, 2020లో ఖతర్‌కు వెళ్లి మూడేళ్లు ఆడి, 2023లో రియల్ ఒవియేదోకు తిరిగివచ్చాడు. నిబంధనలు ఒప్పుకునే కనీస వేతనానికే సంతకం చేసి, తన చొక్కాల అమ్మకంలో 10 శాతం క్లబ్ పిల్లల జట్లకు ఇవ్వాలని షరతు పెట్టాడు. 2025 జూన్ 21న మిరాందేస్‌పై 3-1తో గెలిచిన మ్యాచ్‌లో అతని పెనాల్టీ గోల్ కూడా ఉంది, ఆ గెలుపుతో ఒవియేదో 24 ఏళ్ల తర్వాత తొలి డివిజన్‌లో అడుగుపెట్టింది. చిన్ననాటి క్లబ్ చొక్కాతో కజోర్లా ఆ డివిజన్‌లో మొదటిసారి ఆడేనాటికి అతని వయసు 40.